ఎఱ్ఱచందనము: ఒక చెట్టు చరిత్రము

మా యింట దసరా పండుగకు బొమ్మల కొలువు తీర్చునప్పుడు పెట్టెనుండి మొదట పైకి వచ్చునది ఒక జత చెక్కబొమ్మలు. ఒకటి మగబొమ్మ, ఒకటి ఆడుబొమ్మ. ఎన్నో చేతులు తాకి తాకి వాని ముఖముల తీరు చెరిగినది గాని రంగు మాత్రము చెరుగలేదు. మా నాయనమ్మ కాపురమునకు వచ్చిన నాడు పుట్టింటివారు పసుపు కుంకుమలతో గూడ ఇచ్చి పంపినవి అవి. తిరుపతి ప్రాంతమున ఎఱ్ఱచందనపు కొయ్యతో ఇట్టి బొమ్మలను చెక్కుట, పెండ్లికూతునకు జతగా ఇచ్చుట పూర్వాచారము.

ఆ మగబొమ్మకు ఒక పాదము కుఱుచ. పిల్లలు పడి మోకాలు వాచినప్పుడెల్ల నాయనమ్మ ఆ పాదమును సానమీద నీటితో అరగదీసి పట్టు వేసెడిది. బొమ్మకు బట్టలు కట్టితిమి, పెండ్లి చేసితిమి, నైవేద్యము పెట్టితిమి, దాని కాలు అరగదీసి మందు పుచ్చుకొంటిమి. అది ఏ చెట్టు, ఆ చెట్టు ఏ కొండమీద పుట్టినది, ఇప్పు డెట్లున్నది అని మాత్రము మా యింట ఎవ్వరును అడుగలేదు. చదువుకొన్న ఇండ్లలో పెక్కింటి స్థితి ఇదియే యని నా నమ్మకము. ఆ అడుగని ప్రశ్నకు ఆలస్యముగానైనను జవాబు వెదకుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

చెట్లకు చరిత్రము వ్రాయుట మనలో అలవాటు లేదు. రాజుల వంశావళులు, యుద్ధములు, శాసనములు మన చరిత్రకు విషయములైనవి గాని, వేయేండ్లుగా మన కొండలపై నిలిచి, మన పేరు సముద్రములు దాటించిన చెట్టు విషయము కాలేదు. ఎఱ్ఱచందనము ప్రపంచమున మఱి యే దేశమునను తనంత తాను అడవిగా పెరుగలేదు. కడప సీమలోని పాలకొండలు, లంకమల, వెలిగొండలు, తిరుపతి శేషాచలము, వానికి చేరిన చిత్తూరు నెల్లూరు సీమల కొండలు, ఉత్తరమున కర్నూలు ప్రకాశము వైపు కొన్ని తావులు, దక్షిణమున తమిళదేశపు టంచున కొద్దిపాటి నేల: ఇంతియే దాని పుట్టినిల్లు. వాన తక్కువ, రాయి ఎక్కువ యని మనమే చులకనగా పలికెడు నేల యిది. ఆ రాయియే ఆ చెట్టునకు ఇష్టము. నీరు నిలువని గులకఱాతి వాలులందు అది చేవదేఱును. మెత్తని నల్లరేగడిలో నీరు నిలిచినచో చెడిపోవును.

చందనమను పేరు విని ఇది మంచిగంధపు చెట్టునకు చెల్లెలని పలువురు భ్రమింతురు. ఆ రెంటికి ఏ సంబంధమును లేదు. మంచిగంధమునకు పరిమళము గలదు, దీనికి లేదు. వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఇది కంది, చిక్కుడు, చింతల కుటుంబములోనిది. మన అడవులలోని వేగిస చెట్టు దీనికి తోబుట్టువు. స్వీడను దేశపు మహాపండితుడు లిన్నేయుని కుమారుడు పదునెనిమిదవ శతాబ్దము చివర దీనికి టెరోకార్పస్ సాంటలైనస్ అను శాస్త్రనామము పెట్టెను. దీని కాయ గుండ్రని బిళ్ళవలె నుండి చుట్టును ఱెక్క కలిగియుండును. ఆ నామములోని మొదటి మాటకు ఱెక్కల కాయ యని యర్థము. ఒక్కొక్క కాయలో సాధారణముగా గింజ యొక్కటే. వేసవి మొదట పసుపు పచ్చని పూలు పూయును; కాయలు మఱుసటి యేడు మాఘ ఫాల్గుణములకు గాని పండవు. బెరడు నల్లనై మొసలి వీపువలె పగిలియుండును. గొడ్డలి తాకినచో ఎఱ్ఱని బంక నెత్తురువలె కాఱును. లోపలి చేవ నీటిలో వేసిన మునుగునంత బరువు. ఆ చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను. తాత నాటిన చెట్టును మనుమడు చూడవలసినదే గాని నాటినవాడు అమ్ముకొని సుఖపడుట అరుదు.

ఇట్టి చెట్టును లోకము మొదట ప్రేమించినది రంగు కొఱకు. దీని చేవలో సాంటలిన్ అను ఎఱ్ఱని ద్రవ్యము గలదు. మన దేశమున దేవతార్చనకు, వైద్యమునకు రక్తచందనమని వాడిరి. మధ్యయుగముల ఐరోపాలో వంటలవారు ధనికుల భోజన పదార్థములకు ఎఱుపు తెచ్చుటకై దీని పొడిని కలిపెడివారు. కడప కొండలు ఎచ్చటనున్నవో ఎఱుగని వారి పళ్ళెములలోనికి ఆ కొండల రంగు చేరినది. 1613లో డచ్చివారు పులికాటున కోట కట్టుకొని వర్తకము సాగించిన పిమ్మట, మన తూర్పు తీరమునుండి ఓడలకెక్కిన సరకులలో నేత బట్టలతోపాటు ఈ కొయ్యయు నుండెను. అక్కడ దానిని పొడిగా కొట్టి ఉన్నిబట్టలకు అద్దకము వేసెడివారు.

ఆ వర్తకమును కూల్చినది యుద్ధము కాదు, రసాయనశాస్త్రము. 1856లో లండనులో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి తారునుండి ఊదారంగును తీసెను. 1869లో మంజిష్ఠ వేరునందలి ఎఱ్ఱరంగును సైతము కృత్రిమముగా చేయనేర్చిరి. శతాబ్దము ముగియులోపల చెట్ల రంగులకు అంగడి సన్నగిల్లినది. ఎఱ్ఱచందనమునకు అది ఒక విధముగా విశ్రాంతి. కాని ఆ విశ్రాంతికాలముననే చెట్టునకును, దాని చుట్టునున్న మనుష్యులకును గల సంబంధము మాఱిపోయినది. ఈ చరిత్రములో మనము నిలిచి ఆలోచింపవలసిన ఘట్టము అదియే.

1800వ సంవత్సరమున నిజాము ప్రభువు కడప బళ్ళారి సీమలను ఆంగ్ల కంపెనీవారికి దత్తము చేసెను. కర్నూలు నవాబు 1839లో పదచ్యుతుడైన పిమ్మట ఆ సీమయు వారి వశమైనది. 1856లో చెన్నపట్టణపు ప్రభుత్వము అడవుల శాఖను స్థాపించి క్లెగ్‌హార్న్ అను వైద్యుని దానికి అధికారిగా నియమించినది. అనతికాలముననే ఇనుపదారి కడప సీమగుండా పోయినది. పట్టాలక్రింది దిమ్మెలకును, పొయ్యిలోని కట్టెకును అడవి కావలసివచ్చినది. 1860 తరువాతి దశాబ్దములో కోడూరు వద్ద ఎఱ్ఱచందనపు తోటను ప్రభుత్వమే నాటించినది. ఈ చెట్టును మనుష్యుడు బుద్ధిపూర్వకముగా నాటిన తొలి ప్రయత్నములలో అది యొకటి. ఆ పాలకులు కేవలము కొల్లగొట్టినవారే యనుట న్యాయము కాదు. వారిలో చెట్లను ప్రేమించినవా రుండిరి. క్లెగ్‌హార్నునకు పిమ్మట వచ్చిన బెడ్డోమ్ దక్షిణదేశపు వృక్షములను గూర్చి బొమ్మలతో గొప్ప గ్రంథమును వెలువరించెను.

కాని 1882వ సంవత్సరపు మద్రాసు అడవుల చట్టముతో అడవికి హద్దురాళ్ళు పడినవి. అంతవఱకు ఊరివాడు పశువును తోలుకొని పోయి, కట్టెలు ఏఱుకొని, నాగలికి కొయ్య తెచ్చుకొనిన అడవి రిజర్వు అడవి యైనది. ఆకు కోసిన అపరాధము, ఆవు దాటిన జరిమానా. జనుల మొఱలు మిక్కుటమైనందున ప్రభుత్వమువారే 1912-13లో ఒక విచారణ సంఘమును వేయవలసివచ్చినది. 1921లో పలనాటి రైతులు పుల్లరి పన్ను కట్టమని అడవి సత్యాగ్రహమునకు పూనుకొనిరి. 1922లో వారి నాయకుడు కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ సత్యాగ్రహము ఎఱ్ఱచందనమును గూర్చినది కాదు, గడ్డిని గూర్చినది. అయినను ఆ నలుబది సంవత్సరములలో మన పల్లెల మనస్సున ఒక మాట పాతుకొనిపోయినది: అడవి సర్కారుది.

ఈ చిన్నమాట చేసిన చెఱుపు గొడ్డలి చేసిన చెఱుపుకంటె తక్కువ కాదు. తనది యనుకొనిన చెట్టును ఊరివాడు కాపాడును. దేవునిది యనుకొనినను కాపాడును. ఊరి పొలిమేరలలో దేవర పేరిట విడిచిన వనములే దీనికి సాక్ష్యము. సర్కారుది యనుకొనిన చెట్టు పోయినప్పుడు అతడు చూచియు చూడనట్లుండును. స్వరాజ్యము వచ్చిన పిమ్మట పాలించువారు మాఱిరి గాని పల్లెవాని నాలుకపై ఆ మాట మాఱలేదు.

ఇంతలో చెట్టునకు కొత్త ప్రియులు దొరికిరి. జపాను దేశమున షమిసెన్ అను మూడుతీగల వాద్యము గలదు. దాని మెడకు ఎఱ్ఱచందనమునకు మించిన కొయ్య లేదని ఆ దేశపు విద్వాంసుల యభిప్రాయము. చీనా దేశమున మింగ్, చింగ్ వంశపు చక్రవర్తుల నాటినుండి జిటాన్ అను నల్లయెఱుపు కొయ్యతో చేసిన ఆసనములు, పెట్టెలు రాజవైభవమునకు గుర్తులు. ఆ జిటానులో శ్రేష్ఠమైనది ఎఱ్ఱచందనమే. ఇరువదవ శతాబ్దము చివర ఆ దేశమున ధనికులు పెరిగిరి. పూర్వము రాజగృహమునకే చెల్లిన వస్తువు ప్రతి ధనికుని కూటమునకు కావలసివచ్చినది. వాద్యములకు అలలవంటి నార గల కొయ్య మఱింత ప్రియము. అట్టి నార నూటికి ఏ కొన్ని చెట్లకో యుండును; బయటనుండి చూచి చెప్పుట కష్టము. చేవ యున్నదో లేదో చూచుటకై చెట్టును చెక్కి, లేనిచో అట్లే గాయముతో విడిచిపోవుటయు గలదు.

లోకము మేల్కొనలేదని చెప్పరాదు. అంతరించుచున్న జీవజాతుల వ్యాపారమును నియమించు సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడికలో 1995లో ఎఱ్ఱచందనమును చేర్చిరి. ప్రకృతి పరిరక్షణకు నెలకొన్న అంతర్జాతీయ సంఘమువారు 1998లో దీనిని అంతరించు ప్రమాదమునకు లోనైన జాతిగా వ్రాసిరి. 2018లో ప్రమాదము కొంత తగ్గినదని తరగతి మార్చిరి. 2021లో మఱల మొదటి తరగతికే తెచ్చిరి. రోగికి ఒక వైద్యుడు నేడు నయమని, రేపు కాదని చెప్పినట్లున్నది గదా! దీనికి కారణము గలదు. కొండపై చెట్ల సంఖ్యను మాత్రము చూచిన అడవి నిండుగానే కనబడును. ఎఱ్ఱచందనమును నఱకిన మొద్దునుండి చిగుళ్ళు వచ్చును. సన్నని కఱ్ఱలతో వాలు పచ్చగానే యుండును. కాని చేవ పట్టిన, విరివిగా కాయలు కాయు పెద్దచెట్లు తఱిగిపోయినవి. ఇంటిలో పిల్లలు నిండియుండి పెద్దలు ఒక్కరును లేని కుటుంబము వంటిది ఆ అడవి. దూరమునుండి చూచువానికి సందడి కనబడును. లోపలికి పోయినవానికి గాని దిక్కులేనితనము తెలియదు.

ఇక దొంగవ్యాపారము సంగతి. కొండపై గొడ్డలి పట్టువాడు పెక్కుసార్లు తమిళదేశపు కొండపల్లెల పేదకూలి. కూలి యెక్కువ యని దళారి పిలిచిన వచ్చును. వాని వెనుక దుంగ మోయువాడు, బండి తోలువాడు, దాచువాడు, రేవు దాటించువాడు, సముద్రమునకావల కొనువాడు. ఈ గొలుసులో లాభము ఆ కొసనున్నది. ప్రాణభయము ఈ కొసనున్నది. 2013 డిసెంబరులో శేషాచలపు అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులను దొంగలు చంపిరి. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలములో రక్షకభటుల కాల్పులలో ఇరువదిమంది కూలీలు చనిపోయిరి. తమపై దాడి చేసినందున కాల్చితిమని భటులు చెప్పిరి. అది నిజమైన ఎదురుకాల్పు కాదని మానవహక్కుల సంఘములవారు ఆరోపించిరి. ఆ వివాదమును తీర్చుట ఈ వ్యాసమునకు పని కాదు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆ కొయ్యతో చేసిన కుర్చీలో కూర్చుండువా డెవ్వడును ఆ దినమున చావలేదు.

2016లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అడవుల చట్టమును సవరించి శిక్షలను కఠినము చేసినది. ప్రత్యేక దళములు కొండలు తిరుగుచున్నవి. అవి యుండవలసినవే. పట్టుబడిన దుంగలను 2014లో ప్రభుత్వమే వేలకొలది టన్నులు ప్రపంచపు వేలములో అమ్మినది. ఆ ధనము ఖజానాకు చేరినది. వేలము న్యాయమైనదే కావచ్చును గాని, దుంగలు లేచిపోయిన కొండక్రింది పల్లెవానికి అందులో ఏమి కనబడును? సర్కారుది సర్కారు అమ్ముకొన్నదని మాత్రమే. పాత మాట మఱింత లోతునకు దిగబడుచున్నది.

అజ్ఞానమును ఇందులో తన పాలు తాను పుచ్చుకొన్నది. ఈ కొయ్య అణుశక్తి యంత్రములకు కావలెనట, అందుకే విదేశీయులు అంత వెల యిచ్చెదరట యని మన పల్లెలలోనే కాదు, పట్టణములలోని చదువరులలోను వాడుక. దీనికి శాస్త్రాధారము లేదు. వీణకు పనసకొయ్య యెట్లో, షమిసెనునకు ఇది యట్లు. ధనికుని కూటమునకు అలంకారము. నిజము ఇంత సామాన్యమైనది. కాని ఆ వదంతి చెట్టునకు ఒక మాయను తగిలించి, యువకుల ఆశను రేపి, గొడ్డలికి పదును పెట్టుచున్నది. వదంతిని ఖండించుట గూడ ఒక విధమైన అటవీరక్షణమే.

ఈ కొండలపై ప్రమాదమున నున్నది ఎఱ్ఱచందన మొక్కటియే కాదు. అదే కడప తిరుపతి కొండలలో పేరిత యను మొక్క గలదు. చిన్న ఈతచెట్టువలె కనబడును గాని ఈత కాదు. పువ్వులు పుట్టుటకు పూర్వయుగమున భూమిపై విస్తరించిన సైకస్ జాతిలోనిది. పైని చెప్పిన బెడ్డోమ్ పేరే దానికి శాస్త్రనామమైనది. దీనిలో ఆడు మగ మొక్కలు వేఱువేఱు. మగమొక్క కంకులను బలమునకు మందని కోసి అమ్ముదురు. కంకి పోయిన పుప్పొడి లేదు. పుప్పొడి లేనిచో ఆడుమొక్కకు సంతానము లేదు. సైటిస్ ఒడంబడికలో మిక్కిలి కఠినమైన మొదటి పట్టికలో దాని పేరున్నది; భారతదేశపు వన్యప్రాణి చట్టమును దానికి రక్షణ కల్పించినది. ఎఱ్ఱచందనమునకు వెల యున్నది గనుక వార్తాపత్రికలలో నిలిచినది. పేరితకు అదియు లేదు.

కర్తవ్య మేమి? ఒక వ్యాసము అడవిని కాపాడజాలదు. అయినను చరిత్రము మనకు ఒక తెలివి నేర్పుచున్నది. ఈ చెట్టు రంగుగా, దిమ్మెగా, దుంగగా, వేలపు పాటగా నూఱు విధముల వెల కట్టబడినది. దాని నీడను బ్రదుకు పల్లెవాని సొత్తుగా మాత్రము ఒక్కనాడును లెక్కకు రాలేదు. ఆ లోపమును దిద్దు ప్రయత్నములు లేకపోలేదు. 1992లో మన రాష్ట్రమున వనసంరక్షణ సమితుల పద్ధతి ఆరంభమైనది. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము, ఒక సీమ మొక్కవలన వచ్చిన లాభములో ఆ సీమ జనులకు పాలుండవలెనని నిర్దేశించినది. ఆ నిబంధన ననుసరించియే 2025లో ఎఱ్ఱచందనము పెంచిన మన రైతులకు కొంత ధనము పంచిరి. రైతులు తమ పొలములలో నాటుచున్నారు. 2004నుండి భారతదేశపు ఎఱ్ఱచందన వ్యాపారముపై సాగిన అంతర్జాతీయ సమీక్ష 2023లో ముగిసినది. ఇవి చిన్న అడుగులు; కాని సరియైన దిక్కున వేసినవి. పొలములోని చెట్టు అంగడికి పోవుగాక. కొండమీది చెట్టు కొండకు మిగులవలెను. ఆ కొండను కాచిన పల్లెకు ఫలమున పాలుండవలెను. జీతపు కావలివాడు రాత్రి నిద్రించునేమో గాని, పాలివాడు నిద్రింపడు.

గృహస్థులు చేయదగినదియు గలదు. ధనము కలిగినప్పుడు కూటమున ఏ కొయ్య కుర్చీ యుండవలెనని మనము పోటీపడు గుణమునకును, చీనా ధనికుని గుణమునకును భేదము లేదు. అరుదైన వస్తువు మన యింట నున్నది గనుక మనము గొప్పవారమను భ్రాంతి తొలగనంతవఱకు ఏదో యొక కొండపై ఏదో యొక చెట్టు కూలుచునే యుండును. మన బాలబాలికలను తిరుపతికి గొనిపోవునప్పుడు, ఒంటిమిట్ట కోదండరాముని సేవింప పోవునప్పుడు, దారి కిరువైపుల నున్న కొండలను చూపి ఈ చెట్టు పేరు చెప్పుట శ్రమ కాదు. పేరు తెలియని దాని కొఱకు ఎవ్వరును దుఃఖింపరు.

ఈ వత్సరము కొలువు తీర్చునప్పుడు మా మనుమరాలు ఆ మగబొమ్మను చేత పట్టుకొని, వీని కాలేమైనదని అడిగినది. సాన, నీరు, వాపు, ముత్తవ్వ, అన్నియు చెప్పితిని. పిదప లంకమల చెప్పితిని, ఱెక్కల కాయ చెప్పితిని, నెత్తురువంటి బంక చెప్పితిని. విని కొంతసేపు ఊరకుండి, మూడు తరములవారు అరగదీసినను ఇంత పాదమే గదా పోయినదని తన వ్రేలితో కొలిచి చూపినది. ఆ కొలత సరియైనదే. మనకు కావలసినంత తీసికొన్నప్పుడు ఆ చెట్టునకు పోయినది అంతియే. బొమ్మను మఱల కొలువుమెట్టుమీద నిలిపి, కుఱుచకాలి క్రింద ఒక చెక్కతునక పెట్టి ఒఱుగకుండ సరిచేసినది.